వాన ఆగితే కరువా, సాయం ఆగితే కరువా? సోమాలియా చెబుతున్న చరిత్ర

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక్క మాటతో మొదలుపెడదాం. ఆ మాట "కరువు".

మాది అనంతపురం వైపు. మా ఊళ్ళో ఉపాధి హామీ పనిని ఎవ్వరూ ఆ పేరుతో పిలవరు. "కరువు పని" అంటారు. "అవ్వ యాడికి పాయె?" అని అడిగితే, "కరువు పనికి పాయె" అని జవాబొస్తుంది. ఆ ఏడాది చెరువు నిండి అలుగు పారినా సరే, అది కరువు పనే. ఆ పేరు ఎందుకొచ్చిందని చిన్నప్పుడు నేనెప్పుడూ ఆలోచించలేదు.

తర్వాత పుస్తకాలు చదువుతుంటే ఒక విషయం తట్టింది. మనం "కరువు" అనే ఒకే మాటని రెండు వేరువేరు విషయాలకి వాడతాం. వాన పడకపోతే కరువు. ప్రభుత్వం "కరువు మండలాలు" అని ప్రకటించేది ఆ అర్థంలోనే. తిండి దొరక్క మనుషులు చనిపోతే, అదీ కరువే. మన పెద్దలు కరువులకి పేర్లు కూడా పెట్టారు. 1830ల్లో గుంటూరు ప్రాంతాన్ని ఖాళీ చేసింది డొక్కల కరువు. 1876లో వచ్చింది ధాత కరువు, ఎందుకంటే ఆ ఏడాది పేరు ధాత నామ సంవత్సరం. ఆ పేర్లలో ఉన్న కరువు అంటే చావు.

ఇప్పుడు మన దగ్గర కరువు మండలం అంటే పంట పోయింది, అప్పులు పెరిగాయి, వలసలు మొదలయ్యాయి అని అర్థం. అవి చిన్న కష్టాలేం కాదు. కానీ దారి పొడవునా శవాలు అని అర్థం కాదు. అంటే వాన కరువుకీ తిండి కరువుకీ మధ్య ఏదో అడ్డంగా నిలబడింది. ఆ అడ్డు ఏంటి? దాన్ని తీసేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకి జవాబు ఈరోజు ఒక దేశంలో కళ్ళ ముందే కనిపిస్తోంది. ఆ దేశం సోమాలియా.

మ్యాప్ ఓపెన్ చేసి చూడండి. ఆఫ్రికా ఖండానికి తూర్పున, కొమ్ములా సముద్రంలోకి పొడుచుకొచ్చిన భాగం ఉంటుంది. అక్కడ ఉంటుంది సోమాలియా. అరేబియా సముద్రానికి ఈ ఒడ్డున మనం, ఆ ఒడ్డున వాళ్ళు. జనాభా దాదాపు 2 కోట్లు. చాలామందికి పశువులే ఆస్తి. ఒంటెలు, మేకలు, గొర్రెలు, ఆవులు. దక్షిణాన జుబ్బా, షబెల్లె అని రెండు నదులున్నాయి, రెండూ ఇథియోపియా కొండల్లో పుట్టి వస్తాయి. ఆ నదుల చుట్టుపక్కల, బైదోవా అనే పట్టణం చుట్టూ ఉన్న నేలల్లో జొన్న పండిస్తారు. అవును, మన జొన్నే.

వాళ్ళకి ఏడాదిలో రెండు వాన కాలాలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చేది "గు". అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చేది "దెయిర్". జనవరి నుంచి మార్చి దాకా "జిలాల్", అది కటిక ఎండాకాలం. ఒక కాలం వాన తప్పితే ఎలాగో తట్టుకుంటారు. వరసగా రెండు తప్పితే కష్టం. మూడు, నాలుగు తప్పితే మంద మొత్తం పోతుంది.

ఇక్కడ మనకి సంబంధించిన సంగతి ఒకటుంది. పేపర్లో "లానినా వస్తోంది, ఈ ఏడాది మంచి వానలు" అని చదివి మనం సంతోషిస్తాం కదా. సాధారణంగా అదే లానినా సోమాలియాలో దెయిర్ వానల్ని ఎండగడుతుంది. మనకి భయం పుట్టించే ఎల్‌నినో వాళ్ళకి వరదలు తెస్తుంది. ఒకే సముద్రానికి రెండు ఒడ్లు, కానీ మేఘాల లెక్క మాత్రం తలకిందులు.

సరే, వాన పడలేదు. వెంటనే మనుషులు చనిపోతారా? పోరు. మధ్యలో చాలా మెట్లున్నాయి. వాటిని అర్థం చేసుకుంటేనే ఈ కథ అర్థమవుతుంది.

ఒక కుటుంబానికి 40 మేకలున్నాయి అనుకోండి. మేత అయిపోయింది. మేకలు బక్కచిక్కాయి. ఒక మేకని అమ్మి జొన్నలు కొందామని సంతకి తోలుకెళ్తారు. అక్కడ ఊళ్ళోవాళ్ళంతా అదే పని మీద వచ్చి ఉంటారు. అమ్మేవాళ్ళు వందమంది, కొనేవాళ్ళు పదిమంది. మేక ధర పడిపోతుంది. అదే సంతలో జొన్న ధర మాత్రం కొండెక్కి కూర్చుంటుంది, ఎందుకంటే పంట లేదు. మామూలు రోజుల్లో ఒక మేక అమ్మితే బస్తా నిండా జొన్నలు వచ్చేవి. ఇప్పుడు అడుగు బస్తా కూడా రావు. రాయలసీమలో, పాలమూరులో పెద్దవాళ్ళని అడగండి, పశువుల సంతలో ఎద్దుల్ని వచ్చిన ధరకి వదిలేసిన ఏళ్ళు వాళ్ళకి బాగా గుర్తుంటాయి.

అమర్త్య సేన్ 1981లో తన పుస్తకంలో చెప్పింది ఇదే. చాలా కరువుల్లో తిండి అసలు లేక మనుషులు చనిపోలేదు, ఆ తిండిని కొనగలిగే శక్తి పోయి చనిపోయారు అని. బజార్లో బియ్యం ఉంటుంది. చేతిలో డబ్బుండదు. కాబట్టి సరైన సమయానికి ఆ చేతిలో కొంచెం డబ్బో, కొంచెం ధాన్యమో పెడితే ఆ కుటుంబం మేకల్ని అమ్ముకోదు, ఊరు వదలదు. వాన పడగానే మళ్ళీ నిలబడుతుంది. సాయం అంటే జాలి పడి వేసే ముద్ద అనుకుంటాం గానీ, అది మెట్ల మీద జారే మనిషిని మధ్యలో పట్టుకునే చెయ్యి.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. సోమాలియాలో ఆ చెయ్యి ఎప్పుడు అందింది, ఎప్పుడు అందలేదు?

సోమాలీలు కూడా మనలాగే కరువులకి పేర్లు పెడతారు. 1974లో వచ్చిన కరువు పేరు "దబధేర్", అంటే పొడవాటి తోకది. ఎంతకీ అయిపోలేదు కాబట్టి ఆ పేరు. అప్పుడు సియాద్ బర్రె అనే సైనిక నియంత పాలన. మంచి పాలన అని నేను చెప్పడం లేదు. కానీ ఒక ప్రభుత్వమంటూ ఉంది. సోవియట్ విమానాలతో, ట్రక్కులతో ఉత్తరాన ఎండిపోయిన ప్రాంతాల నుంచి దాదాపు లక్షమంది పశుపోషకుల్ని దక్షిణాన నదుల దగ్గరికి, సముద్రపు ఒడ్డుకి తరలించారు. వేలమంది చనిపోయారు, మందలు పోయాయి. కానీ లక్షల్లో చావులు జరగలేదు.

1991లో బర్రె ప్రభుత్వం కూలింది. ఆయుధాలు పట్టిన వర్గాలు దేశాన్ని పంచుకున్నాయి. బైదోవా చుట్టూ జొన్న పండించే రైతుల గాదెల్ని రెండు వైపులవాళ్ళూ దోచుకున్నారు. వాన కూడా తప్పింది. 1992 నాటికి బైదోవాకి "చావు పట్నం" అనే పేరొచ్చింది. ఆ కరువులో చనిపోయినవాళ్ళు 2 లక్షల నుంచి 3 లక్షలని అంచనా. ఎక్కువగా పోయింది ఎవరో తెలుసా? బలమైన తెగల అండ లేనివాళ్ళు. రహన్‌వేన్ రైతులు, నదుల ఒడ్డున సేద్యం చేసుకునే బంటూ జనం. అంటే పంట పండించేవాళ్ళే ఆకలితో పోయారు.

1992 డిసెంబరులో అమెరికా సైన్యం దిగింది, తర్వాత ఐక్యరాజ్యసమితి దళాలు వచ్చాయి. వాటిలో మన భారత సైన్యం బ్రిగేడ్ ఒకటుంది. వాళ్ళు పనిచేసింది ఆ బైదోవా వైపే. మన సైనికులు అక్కడ ప్రాణాలు కూడా ఇచ్చారు. 1995 మార్చికల్లా ఐక్యరాజ్యసమితి దళాలన్నీ వెళ్ళిపోయాయి.

తర్వాత ఒక ముఖ్యమైన పని జరిగింది. 2004లో, ఇదే సోమాలియా కోసం, ఆకలిని కొలిచే ఒక స్కేల్ తయారుచేశారు. దాన్ని ఐపీసీ అంటారు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. అందులో ఐదు దశలు. మూడోది సంక్షోభం, నాలుగోది అత్యవసరం, ఐదోది క్షామం. క్షామం అని ప్రకటించాలంటే మూడు గుర్తులు ఉండాలి. ఆ ప్రాంతంలో కనీసం 20 శాతం కుటుంబాలకి తిండి దాదాపు లేకుండా పోవాలి. పిల్లల్లో కనీసం 30 శాతం మంది తీవ్రంగా చిక్కిపోయి ఉండాలి. ప్రతి 10,000 మందిలో రోజుకి కనీసం ఇద్దరు ఆకలితోనో, ఆకలి వల్ల వచ్చే జబ్బుతోనో చనిపోతూ ఉండాలి.

మూడో గుర్తుని మళ్ళీ ఒకసారి చూడండి. చావులు ఆ లెక్కకి చేరితేనే అది క్షామం. అంటే ఆ మాట టీవీలో వినపడేటప్పటికే ఆలస్యం అయిపోయిందన్నమాట.

2011లో సరిగ్గా అదే జరిగింది. 2010 దెయిర్ వానలు తప్పాయి. హెచ్చరికలు నెలల ముందు నుంచే ఉన్నాయి. ఉపగ్రహాల చిత్రాలు, సంతలో ధరలు, పిల్లల బరువులు, అన్నీ ఒకే మాట చెప్పాయి. కానీ అప్పటికే సాయం కుంచించుకుపోయి ఉంది. దక్షిణ సోమాలియా అల్-షబాబ్ అనే సాయుధ సంస్థ చేతిలో ఉండేది. అమెరికా 2008లో దాన్ని ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. పంపిన బియ్యంలో ఒక బస్తా వాళ్ళ చేతిలో పడినా చట్టప్రకారం నేరం అవుతుందేమో అని సహాయ సంస్థలు భయపడ్డాయి. అమెరికా నుంచి వచ్చే సాయం బాగా తగ్గింది. ఇంకోవైపు అల్-షబాబ్ సహాయ సంస్థల్ని బెదిరించింది, డబ్బులు అడిగింది. 2010 జనవరిలో ప్రపంచ ఆహార కార్యక్రమం దక్షిణాన పని ఆపేసింది. తర్వాత అల్-షబాబే దాన్ని నిషేధించింది. మధ్యలో నలిగింది ఎవరు? ఏ పక్షంలోనూ లేని రైతు, మేకల కాపరి.

2011 గు వానలు కూడా సరిగా పడలేదు. జనం నడక మొదలుపెట్టారు. వందల కిలోమీటర్లు నడిచి కెన్యాలోని దదాబ్ శిబిరాలకి చేరారు. 90,000 మంది కోసం కట్టిన ఆ శిబిరాల్లో ఆ ఏడాది 4 లక్షలకి పైగా జనం ఉన్నారు. 2011 జూలై 20న ఐక్యరాజ్యసమితి బకూల్ దక్షిణ భాగంలో, దిగువ షబెల్లెలో క్షామం ఉందని ప్రకటించింది. అప్పుడు కెమెరాలు వచ్చాయి, డబ్బులు వచ్చాయి.

రెండేళ్ళ తర్వాత లెక్క బయటికొచ్చింది. 2010 అక్టోబరు నుంచి 2012 ఏప్రిల్ మధ్య దాదాపు 2,58,000 మంది చనిపోయారు. వాళ్ళలో 1,33,000 మంది ఐదేళ్ళలోపు పిల్లలు. చనిపోయినవాళ్ళలో దాదాపు సగం మంది ఆ జూలై 20 ప్రకటనకి ముందే పోయారు. ప్రపంచం "అయ్యో" అనేటప్పటికే సగం పిల్లలు లేరు.

ఈ దెబ్బతో అందరూ ఒక పాఠం నేర్చుకున్నారు. క్షామం అనే మాట కోసం ఎదురుచూడొద్దు, ముందే కదలాలి అని. 2017లో మళ్ళీ వానలు తప్పినప్పుడు అలాగే చేశారు. నెలకి 30 లక్షల మంది దాకా సాయం చేరింది. అందులో చాలా భాగం ఫోన్ ద్వారా డబ్బు. సోమాలియాలో మొబైల్ మనీ మన ఫోన్‌పే కంటే ముందు నుంచే ఉంది. స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు, కీప్యాడ్ ఫోన్‌లో కోడ్ కొడితే చాలు, టీ కొట్టులో కూడా బిల్లు కట్టేస్తారు. ట్రక్కుల్లో ధాన్యం పోయినచోట దారిలో తుపాకీ చూపించి ఆపొచ్చు. ఫోన్‌లో వచ్చే డబ్బుని దారికాచి దోచడం అంత తేలిక కాదు. 2017లో క్షామం రాలేదు.

తర్వాత 2020 చివరి నుంచి 2022 చివరి దాకా వరసగా ఐదు వాన కాలాలు తప్పాయి. అక్కడివాళ్ళు ఎవరూ ముందెన్నడూ చూడని వరస అది. దానికి తోడు ఉక్రెయిన్ యుద్ధం. సోమాలియా కొనే గోధుమల్లో దాదాపు 90 శాతం రష్యా, ఉక్రెయిన్‌ల నుంచే వచ్చేవి. 2022 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సహాయ విభాగం అధిపతి మార్టిన్ గ్రిఫిత్స్ "క్షామం గుమ్మం దాకా వచ్చింది" అనే అర్థంలో హెచ్చరించారు. మళ్ళీ అదే బైదోవా, పక్కనే బుర్హకబా. ఈసారి సాయం పెద్ద ఎత్తున పెరిగింది, అందులో పెద్ద వాటా అమెరికాది.

ఆ సాయంలో ఒక చిన్న ప్యాకెట్ గురించి చెప్పాలి. మన వేరుశనగ చిక్కీ తెలుసు కదా? అదే వేరుశనగ గుజ్జులో పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి ఒక పేస్ట్‌లా చేస్తారు. 92 గ్రాముల ప్యాకెట్‌లో 500 కేలరీలు. 1990ల్లో ఫ్రాన్స్‌లో తయారైంది. నీళ్ళు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, తల్లి ఇంట్లోనే చింపి బిడ్డకి తినిపించొచ్చు. చావు అంచున ఉన్న బిడ్డ కొన్ని వారాల్లో కోలుకుంటుంది. అంత చిన్న వస్తువు అది.

2022లో క్షామం ప్రకటించాల్సిన అవసరం రాలేదు. అలాగని ఎవరూ చనిపోలేదని కాదు. ఆ ఒక్క ఏడాదిలో అదనంగా 43,000 మంది చనిపోయి ఉంటారని, వాళ్ళలో సగం మంది ఐదేళ్ళలోపు పిల్లలని తర్వాత వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. కానీ 2011తో పోల్చి చూడండి. 2022లో వానలు ఇంకా ఎక్కువ కాలాలు తప్పాయి. చావులు మాత్రం తక్కువ. వానల లెక్కతో ఈ తేడాని వివరించలేం, సాయం ముందే అందింది కాబట్టి వచ్చిన తేడా అది.

మరి ఇంత బాగా పనిచేసిన దాన్ని ఎవరైనా ఎందుకు ఆపేస్తారు? ఇది అర్థం కావాలంటే ఒక ఐదు నిమిషాలు సోమాలియాని వదిలి, 150 ఏళ్ళ వెనక్కి, మన జిల్లాలకి రావాలి. ఎందుకంటే సరిగ్గా ఇలాంటిదే ఇక్కడ ఒకసారి జరిగింది.

1873-74లో బీహార్‌లో వానలు తప్పాయి. అక్కడ సహాయం చూసిన అధికారి పేరు సర్ రిచర్డ్ టెంపుల్. ఆయన బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించి పంచాడు. ఆకలి చావులు దాదాపు లేవు. మరి ఆయన్ని మెచ్చుకున్నారా? తిట్టారు. "ఎవరూ చనిపోలేదు కదా, ఇంత డబ్బు ఎందుకు తగలేశావ్?" అన్నారు. చావులు లేకపోవడమే ఖర్చు దండగ అనడానికి సాక్ష్యం అయిపోయింది.

రెండేళ్ళు తిరిగేసరికి మద్రాసు ప్రెసిడెన్సీలో ధాత కరువు వచ్చింది. 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో దర్బారు ఘనంగా జరిపాడు. అదే నెలలో ఖర్చు తగ్గించమని మన వైపు పంపింది ఎవర్నో తెలుసా? ఆ టెంపుల్‌నే. ఒకసారి మాట పడ్డవాడు కదా, ఈసారి పొదుపు చూపించాడు. కరువు పనిలో రాళ్ళు కొట్టే మగమనిషికి రోజు కూలీ ఒక పౌండు ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా. అంతే. జనాన్ని సహాయ పనుల నుంచి తీసేయించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ కార్నిష్ గట్టిగా వ్యతిరేకించాడు. ఈ తిండితో పనిచేసే మనిషి బతకడు, పప్పులు, కూరగాయలు కూడా కావాలి అని వాదించాడు. కొన్ని నెలల తర్వాత కూలీ పెంచారు. అప్పటికే జరగాల్సింది జరిగింది. దక్షిణ భారతంలో ఆ కరువులో చనిపోయినవాళ్ళు 50 లక్షలకి పైనే అని అంచనా. 1871 జనాభా లెక్కకీ 1881 లెక్కకీ మధ్య కర్నూలు జిల్లా తన జనంలో దాదాపు నాలుగో వంతుని పోగొట్టుకుంది. ఆ కాలంలో మద్రాసు రేవు నుంచి ధాన్యం ఎగుమతి కూడా ఆగలేదు.

చెన్నై వెళ్ళినవాళ్ళు బకింగ్‌హామ్ కాలువ చూసే ఉంటారు. మన కోస్తా దాకా వచ్చే కాలువ. నగరంలో అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్కని తవ్వింది ఆ కరువు కూలీలే. పేరు మాత్రం అప్పటి గవర్నర్‌ది.

ఇప్పుడు మళ్ళీ సోమాలియాకి వద్దాం. బీహార్‌లో చావులు లేవు కాబట్టి ఖర్చు దండగ అనిపించింది. 2017లో, 2022లో సోమాలియాలో క్షామం ప్రకటించలేదు కాబట్టి ప్రపంచానికి ఏమీ జరగనట్టే అనిపించింది. రాని కరువుకి ఫోటో ఉండదు. బతికిన బిడ్డ వైరల్ అవ్వదు. అందుకే కోత పెట్టేటప్పుడు మొదట కత్తెర పడేది అక్కడే.

2025 జనవరిలో అమెరికా కొత్త ప్రభుత్వం విదేశీ సాయాన్ని నిలిపేసింది. జూలై 1 నాటికి యూఎస్‌ఎయిడ్ అనే సంస్థే మూతపడింది. బ్రిటన్ కూడా తన సాయాన్ని జాతీయ ఆదాయంలో 0.5 శాతం నుంచి 2027 కల్లా 0.3 శాతానికి తగ్గిస్తామని ప్రకటించింది. ఇంకో సంగతి ఉంది. 1984-85 ఇథియోపియా కరువు తర్వాత అమెరికా డబ్బుతో పెట్టిన కరువు హెచ్చరికల వ్యవస్థ, ఫ్యూస్‌నెట్, అది కూడా ఆ జనవరిలో కొన్ని నెలలపాటు ఆగిపోయింది. అంటే అన్నంతో పాటు అలారం కూడా ఆగింది.

అదే ఏడాది సోమాలియాలో వానలు మళ్ళీ మొహం చాటేశాయి. 2025 చివరికి 44 లక్షల మంది, అంటే దేశంలో దాదాపు నాలుగో వంతు జనం, ఆ స్కేల్‌లో మూడో దశకి లేదా అంతకంటే కిందికి జారతారని అంచనా వేశారు. ఆగస్టులో ప్రపంచ ఆహార కార్యక్రమం అక్కడ 11 లక్షల మందికి అత్యవసర ఆహార సాయం ఇచ్చింది. డబ్బుల్లేక నవంబరు నాటికి దాన్ని 3,50,000కి తగ్గిస్తున్నామని ప్రకటించింది. లెక్క వేయండి. ఆకలితో ఉన్న పదిమందిలో ఒక్కరికి కూడా అందదు. నవంబరు 10న సోమాలియా ప్రభుత్వం కరువు అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. ఆ ఏడాదికి అడిగిన సహాయ నిధుల్లో మూడో వంతు కూడా రాలేదు.

మీలో కొంతమందికి ఈపాటికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. "అన్నా, ఆ సాయం నిజంగా పేదవాళ్ళకి చేరుతుందా? మధ్యలో తినేయరా?" న్యాయమైన ప్రశ్న. తినేస్తారు. శిబిరాల్ని నడిపే దళారులు జనం దగ్గర వాటా గుంజుకున్నారని ఐక్యరాజ్యసమితి విచారణలోనే తేలింది. 2023లో యూరోపియన్ యూనియన్ ఆ కారణంతో కొంత నిధుల్ని ఆపింది. ఏళ్ళ తరబడి సాయం మీదే ఆధారపడితే దేశం తన కాళ్ళ మీద నిలబడుతుందా అనే ప్రశ్న కూడా తప్పు కాదు. సోమాలీ మేధావులే ఆ మాట అంటున్నారు.

కానీ రేషన్ షాపులో డీలర్ తూకంలో మోసం చేస్తే మనం ఏం అడుగుతాం? తూకం సరిచెయ్యమంటాం, ఈ-పాస్ మిషన్ పెట్టమంటాం. షాపు మూసేయమని అడగం కదా. దొంగతనానికి మందు నిఘా. పైగా ఈ కోతల్లో ఏది బాగా పనిచేస్తోంది, ఏది చెయ్యట్లేదు అని చూసి తగ్గించింది లేదు. మంచి బస్తా, పుచ్చు బస్తా అన్నీ ఒకేసారి పోయాయి.

సోమాలీలు చేతులు ముడుచుకుని కూర్చున్నారా అంటే, అదీ లేదు. విదేశాల్లో ఉన్న సోమాలీలు ఏటా 100 కోట్ల డాలర్లకి పైగా ఇంటికి పంపుతారు. మన కరీంనగర్, కడప ఇళ్ళకి గల్ఫ్ డబ్బు ఎలాగో, వాళ్ళకి అది అలాగ. కానీ బంధువు విదేశంలో ఉన్నవాడికే ఆ డబ్బు. బైదోవా బయట గుడారంలో ఉన్న జొన్న రైతుకి అక్కడ ఎవరూ లేరు. 1992లో పోయిందీ వాళ్ళే, 2011లో పోయిందీ వాళ్ళే.

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకి వద్దాం. మన దగ్గర వాన కరువుకీ తిండి కరువుకీ మధ్య నిలబడ్డ అడ్డు ఏంటి?

మొదట అది మనుషుల దయ. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గంజి కేంద్రాలు పెట్టి వేలమందిని బతికించాడు, సీమలో ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటారు. కానీ పదేళ్ళకే ధాత కరువు వచ్చింది, అంతమందిని బతికించడం ఒక దాత వల్ల అయ్యే పని కాదు. ఆ చావుల తర్వాత కరువు కమిషన్ కూర్చుని 1880లో నివేదిక ఇచ్చింది, ఆ తర్వాత కరువు కోడ్లు వచ్చాయి. ధరలు ఇంత పెరిగితే, జనం ఊళ్ళు వదిలితే, పని మొదలుపెట్టాల్సిందే అని రాతపూర్వకంగా పెట్టారు. బ్రిటిష్ వాళ్ళు వాటిని ప్రతిసారీ పాటించలేదు, 1943 బెంగాల్ దానికి సాక్ష్యం. స్వాతంత్ర్యం తర్వాత రేషన్ షాపు విస్తరించింది. 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. అడిగితే పని ఇవ్వాలని చట్టమే చెప్పింది. మా అవ్వ నోట్లో "కరువు పని" అనే మాట ఆ పాత రాళ్ళు కొట్టే పనుల నుంచి చట్టం దాకా నడిచొచ్చిన మాట. మన దగ్గర ఆకలి పూర్తిగా పోయిందని అనడం లేదు. కానీ తిండి అడగడం ఇక్కడ హక్కు అయింది. ఇవ్వని నాయకుణ్ణి ఓటుతో అడగొచ్చు.

సోమాలియా తల్లి ఎవర్ని అడగాలి? ఆమె బిడ్డకి అందే ప్యాకెట్ ఇంకో ఖండంలో బడ్జెట్ సంతకం మీద ఆధారపడి ఉంది. ఆ సంతకం పెట్టేవాడికి ఆమె ఓటు లేదు. వాన ఎప్పుడు తప్పుతుందో ఆమె చేతిలో లేదు, సాయం ఎప్పుడు ఆగుతుందో కూడా ఆమె చేతిలో లేదు. వాన సంగతి ఎవరి చేతిలోనూ లేదనుకోండి. రెండోది మాత్రం మనుషులు తీసుకున్న నిర్ణయం.

కాబట్టి రేపు ఎప్పుడైనా మీ ఫోన్‌లో "సోమాలియాలో క్షామం ప్రకటన" అని నోటిఫికేషన్ వస్తే, ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. అది మొదటి వార్త కాదు, చివరి వార్త. మొదటి వార్త నెలల ముందే వచ్చింది, 11 లక్షలు 3,50,000 అయిన రోజున. దాన్ని ఎవరూ షేర్ చెయ్యలేదు, అంతే.

ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఒక ప్రశ్న అడగండి. "మీరు విన్న కరువు పేరేంటి? అప్పుడు మనవాళ్ళు ఏం తిని బతికారు? ఎవరు పెట్టారు?" వాళ్ళు చెప్పింది రాసిపెట్టుకోండి, వీలైతే మాకూ పంపండి. ఆ జవాబులు వింటే బైదోవా మనకి అంత దూరంగా అనిపించదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.